ఈ యేడు వేపపువ్వు దొరుకుతుందా?

(2026 మార్చి 8, ఆదివారం సాయంత్రం ఖమ్మంలో ఒక కాలనీ గ్రంథాలయంలో, రిటైరైన వృక్షశాస్త్ర అధ్యాపకురాలు ఒకరు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్లు అడిగితే రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆవిడ అన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి. ఈవేళ మహిళా దినోత్సవం అని ఆడవాళ్లకి ముందు కుర్చీలు వేశారట. సంతోషం. పోయినసారి ఇదే హాల్లో గంటన్నర వెనక నిలబడి విన్నాను నేను.

వసంతం గురించి మాట్లాడమన్నారు. పూలు, పండగ వంట, ఏదైనా పర్వాలేదన్నారు. నేను ఒక్క ప్రశ్నతో మొదలుపెడతాను. ఉగాది ఇంకా పదకొండు రోజులుంది. మీలో ఎంతమంది చెట్టు మీద వేపపువ్వు చూశారు? ఊరికే చెట్టు కాదు, పువ్వు. చేతులెత్తండి. ఒకరు, ఇద్దరు, ముగ్గురు. ఆ మూల తమ్ముడు ఎత్తాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. ఏం బాబూ, మొగ్గ చూశావా, పువ్వు చూశావా? మొగ్గ. అదీ సంగతి. పండగ పదకొండు రోజుల్లో ఉంది, చెట్టు ఇంకా మొగ్గలో ఉంది.

మా మనవరాలు పోయిన యేడు ఉగాదినాడు పచ్చడి నోట్లో పెట్టుకుని అడిగింది: "అమ్మమ్మా, నువ్వు ప్రతిసారీ ఇదే పచ్చడి చేస్తావు కదా, రుచి ఎందుకు మారిపోతుంది?" మా అమ్మాయి వెంటనే, "అమ్మమ్మ చెయ్యి తప్పుతోంది, వయసొచ్చింది" అంది. చెయ్యి తప్పలేదమ్మా! అరవై ఏళ్లుగా చూస్తున్న పచ్చడి. మారింది తేదీ.

తేదీ అంటే ఏమిటో చూడండి. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది. 2024లో ఏప్రిల్ 9. 2025లో మార్చి 30. ఈ యేడు మార్చి 19. వచ్చే యేడు ఏప్రిల్ 7. ఇలా ఎందుకు గెంతుతోంది? చాంద్రమానంలో పన్నెండు నెలలకి 354 రోజులే. సూర్యుడి యేడుకి పదకొండు రోజులు తక్కువ. అందుకని ఉగాది యేటా పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. మరీ ముందుకి వచ్చెయ్యకుండా ఇంచుమించు ముప్పైరెండు, ముప్పైమూడు నెలలకోసారి అధికమాసం వేస్తారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, అందుకే 2024లో ఉగాది ఏప్రిల్లోకి దూకింది. ఈ వేసవిలో అధిక జ్యేష్ఠం ఉంది, వచ్చే యేడు మళ్లీ దూకుతుంది. అంటే ఈసారి మనం ఆ ఊగులాటలో దాదాపు ముందు కొసన ఉన్నాం. ఇంతకంటే ముందుకి రావడం అరుదు.

ఇప్పుడు చెప్పండి, చెట్టుకి పంచాంగం తెలుసా? వేపచెట్టుకి అధికమాసం తెలుసా? తెలియదు. దానికి తెలిసింది ఎండ, పగటి నిడివి, వేరుకింద తడి. అది తన లెక్కన తను పూస్తుంది. మనం మన లెక్కన పండగ చేస్తాం. రెండు లెక్కలూ కలిసిన యేడు పచ్చడి ఒక రుచి, కలవని యేడు ఇంకో రుచి.

మార్చి మూడో వారంలో ఉగాది వస్తే మామిడి పిందె చిన్నది. టెంక ముదరదు, కత్తికి అడ్డం పడదు. దాంట్లో పులుపుకంటే వగరు ఎక్కువ. వేపపువ్వు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అదే ఏప్రిల్ రెండో వారంలో వస్తే? కాయకి టెంక పట్టి ఉంటుంది, పులుపు పళ్లు జివ్వుమనిపిస్తుంది, వేపపువ్వు గుప్పిళ్లతో దొరుకుతుంది. ముందొచ్చిన ఉగాది వగరు ఉగాది. ఆలస్యంగా వచ్చింది పులుపు ఉగాది, చేదు ఉగాది. మా మనవరాలి నాలుక కరెక్టే. మా అమ్మాయే తప్పు.

తమిళులకి ఈ టెన్షన్ లేదు, గమనించారా? వాళ్లది సౌరమానం. ఏప్రిల్ 14, ఎప్పుడైనా ఒక రోజు అటూ ఇటూ. అప్పటికి వేప విరగబూసి ఉంటుంది. వాళ్లూ ఆ రోజు మామిడికాయ, బెల్లం, వేపపువ్వు వేసి పచ్చడి చేస్తారు. వాళ్ల పచ్చడి యేటా ఒకేలా ఉండే అవకాశం మనకంటే ఎక్కువ. నాకైతే మనదే బావుంది. యేటా ఏం వస్తుందో తెలియదు.

సరే, వసంతం. పుస్తకాల్లో వసంతం అంటే చైత్ర వైశాఖాలు. కానీ మన ఊళ్లో పూలు అప్పటిదాకా ఆగుతాయా? ఆగవు. మాఘంలోనే బూరుగు ఎర్రగా పూస్తుంది, ఒంటి మీద ఒక్క ఆకు లేకుండా. దాని వెనకే మోదుగు. ఇల్లెందు వైపు, కొత్తగూడెం వైపు బస్సులో వెళ్లినవాళ్లకి తెలుసు, ఫాల్గుణంలో రోడ్డు పక్కన మంటలా ఉంటాయి. కొన్ని ఊళ్లలో గోగుపూలంటారు. మొన్న కాముని పున్నమికి మీలో ఎవరైనా మోదుగుపూల రంగు చేశారా? ఎవరూ లేరు. మా అత్తగారి ఊళ్లో పిల్లలు వారం ముందు నుంచే గోనెసంచుల్లో ఏరుకొచ్చేవాళ్లు. ఎండబెట్టి, పున్నమి ముందురోజు రాత్రి పెద్ద గుండిగలో మరగబెట్టేవాళ్లు. ఉత్త నీళ్లయితే పసుపుపచ్చ రంగు, చిటికెడు సున్నం వేస్తే నారింజలోకి తిరుగుతుంది. బట్టకి పట్టినా రెండు ఉతుకుల్లో పోతుంది. ఇప్పుడు ప్యాకెట్లలో వచ్చే రంగు చెవుల వెనక నాలుగు రోజులుంటోంది.

ఆకు లేకుండా ఎందుకు పూస్తాయి ఇవి? క్లాసులో ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. మన దగ్గర చెట్టుకి కష్టకాలం చలి కాదు, నీళ్లు లేని కాలం. ఆకు ఉంటే నీళ్లు ఖర్చు, అందుకని రాల్చేస్తుంది. ఆకు అడ్డం లేకపోతే పువ్వు దూరం నుంచి కనబడుతుంది. మోదుగుకి, బూరుగుకి పక్షులు వస్తాయి, గోరింకలు, తేనెపిట్టలు. ఇప్పుడు పూస్తే వానలు పడే వేళకి గింజ సిద్ధం. వేప సంగతి ఇంకా గట్టిది. వేపగింజకి ఆయుష్షు తక్కువ, పండు రాలాక కొన్ని వారాల్లో మొలకెత్తకపోతే ఇక మొలవదు. అందుకని పండు తొలకరి ముందు రాలాలి. అంటే పువ్వు ఈ రోజుల్లో పూయాలి. మనం పండగ కోసం దులుపుకునే పువ్వు ఉంది చూశారా, అది చెట్టు జూన్ వానకి వేసుకున్న లెక్క.

కాబట్టి చలి దేశాల వసంతం వేరు, మనది వేరు. వాళ్లకి వసంతమంటే మంచు కరిగిందని ఊరట. మనకి ముందు ఎండలున్నాయి. మన వసంతం ఎండకి ముందు నెల. మన పండగ వంట కూడా అలాగే ఉంటుంది. పులుపు, బెల్లం, ఉప్పు, నీళ్లు. ఉగాది అయిన తొమ్మిదో రోజు భద్రాచలంలో కల్యాణం, ఊరంతా పానకం, వడపప్పు. ఎండకి ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంది?

ఇప్పుడు పచ్చడి దగ్గరికి వద్దాం. ఆరు రుచులు, ఆరు అనుభవాలు, జీవితంలో తీపి చేదు కలిసి ఉంటాయి. ఇది ప్రతి ఉగాదికీ టీవీలో వింటారు, నేను మళ్లీ చెప్పను. నేను వృక్షశాస్త్రం చదువుకున్నదాన్ని, గిన్నెలో ఏముందో చూస్తాను. ఏముంది? చింతపండు. చింతకాయ ఎప్పుడు దులుపుతారు? సంక్రాంతి దాటాక, శివరాత్రి అటూ ఇటూ. కొత్త చింతపండు ఎర్రగా ఉంటుంది, నిరుటిది నల్లబడుతుంది. బెల్లం. చెరకు గానుగ ఎప్పుడు ఆడుతుంది? చలికాలంలో మొదలై ఈ రోజులదాకా. అనకాపల్లి మార్కెట్టుకి కొత్త బెల్లం వచ్చే కాలం. మిరపకాయ. అది మీకు నేను చెప్పాలా? ఈ నెలలో ఖమ్మం మిర్చి యార్డు పక్కనుంచి వెళ్లినవాడు తుమ్మకుండా ఇంటికి రాగలడా? ఉప్పు. ఉప్పుకి కూడా పంటకాలం ఉందండీ, చాలామందికి తెలియదు. వానలు పడితే ఉప్పు మళ్లలో ఉప్పు ఉండదు. ఎండ ముదిరేకొద్దీ సముద్రం ఒడ్డున, నౌపడా దగ్గర, చినగంజాం దగ్గర, మళ్లలో తెల్లగా తేలుతుంది. ఇక మామిడి పిందె, వేపపువ్వు. ఆ రెండూ చెట్టు మీంచి నేరుగా గిన్నెలోకే.

ఆరూ కొత్తవే, చూశారా? ఆరుకి ఆరూ ఆ రెండు మూడు నెలల్లో చేతికొచ్చినవి. ఇది కొత్త పంటల పచ్చడి. మన పక్కనే భద్రాచలం ఏజెన్సీలో కొండరెడ్లు మామిడి కొత్త అని పండగ చేస్తారు. అది అయ్యేదాకా కొత్త మామిడికాయ నోట పెట్టరు. ముందు దేవతకి పెట్టి, ఆ తర్వాతే తినడం. మనం పట్నాల్లో కూర్చుని ఉగాదికి ఎన్ని అర్థాలు చెప్పుకున్నా, దాని అడుగున ఈ కొత్త ఉందని నా నమ్మకం. మీరు ఒప్పుకోకపోతే టీ దగ్గర పోట్లాడదాం.

నాకు రెండు పచ్చళ్లు తెలుసు. పుట్టిల్లు కృష్ణా జిల్లా. అమ్మ చేసేది చిక్కగా ఉండేది. తలంటి పోసుకుని, పరగడుపున వరసగా నిలబడితే అరచేతిలో వేసేది, నాలుకతో నాకాలి. చేతి మణికట్టు దాకా కారేది, తిట్లు పడేవి. 1978లో పెళ్లయి ఈ వైపు వచ్చాను. మొదటి ఉగాదికి అత్తమ్మ కొత్త కుండకి సున్నం బొట్లు పెట్టి, మెడకి మామిడాకులు కట్టి, లోపల పలచగా పచ్చడి కలిపి, గ్లాసుతో ముంచి ఇచ్చింది. నేను గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. "అత్తమ్మా, పచ్చడేది?" అన్నాను. "నీ చేతిలో ఉన్నదేంది బిడ్డా?" అంది. ఇల్లంతా నవ్వు. ఆ కుండనీళ్లు మధ్యాహ్నం దాకా ఎవరొస్తే వాళ్లకి పోసేవాళ్లు. నిజం చెప్పాలంటే ఎండకి అదే బావుంటుంది. ఇప్పుడు మా ఇంట్లో అదే చేస్తాను. అమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు.

కొలత కావాలా? ఆరుగురికి చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. పెద్ద నిమ్మకాయంత కొత్త చింతపండు, నానబెట్టి పులుసు తీసుకోండి. కప్పు తరిగిన బెల్లం. ఒక చిన్న మామిడికాయ, తొక్కుతోనే సన్నగా తరగండి, వగరు తొక్క దగ్గరే ఉంది. పచ్చిమిరపకాయ ఒకటి, లేదా నాలుగు మిరియాలు దంచి. చిటికెడు ఉప్పు. వేపపువ్వు రెండు చెంచాలు, ఆఖర్న, తినే ముందు. ముందే వేసి ఉంచితే పచ్చడంతా చేదు పట్టేస్తుంది. చిక్కగా కావాలంటే ఇంతే, మా అత్తమ్మలా కావాలంటే నాలుగు గ్లాసుల నీళ్లు. కొబ్బరి ముక్కలు, పుట్నాలు వేసేవాళ్లు ఉన్నారు, వేసుకోండి. ద్రాక్షపళ్లు, దానిమ్మ, ఆపిల్ వేసి వేపపువ్వు పేరుకి రెండు రేకులు వేస్తే మాత్రం దాన్ని ఫ్రూట్ సలాడ్ అనండి.

ఆఁ, ప్రశ్నా? అడగండమ్మా. "మరి ఈ యేడు పువ్వు దొరక్కపోతే ఎలా?" మంచి ప్రశ్న, దాని కోసమే వచ్చాను నేను. పంచాంగంలో ఉగాది పచ్చడి తినేటప్పుడు చదివే శ్లోకం ఉంటుంది కదా. దాని చివర "నింబకందళ భక్షణం" అని ఉంటుంది. నింబం అంటే వేప. కందళం అంటే మొలక, చిగురు. దళం అని విడదీసుకుంటే ఆకు. ఎలా చదివినా చిగురో ఆకో అవుతుంది తప్ప పువ్వు రాదు. కర్ణాటకలో బేవు బెల్ల అంటారు, వేప, బెల్లం. మరాఠీవాళ్లు గుడి పాడ్వాకి వేపచిగురు, బెల్లం, వాము నూరుకుంటారు. పువ్వే కావాలని పట్టుబట్టేది ఎక్కువగా మనమే. పువ్వు లేకపోతే ఎర్రటి లేత చిగురు రెండు ఆకులు చాలు. రెండంటే రెండే. ఆకు చేదు వేరు, పువ్వు చేదు వేరు. పువ్వులో చేదుతోపాటు తేనెవాసన ఉంటుంది, ఆకులో చేదు ఒక్కటే. ఆ చేదుకి శాస్త్రంలో పేరు పెట్టింది సలీముజ్జమాన్ సిద్దిఖీ అనే రసాయన శాస్త్రవేత్త. 1942లో వేపనూనెలోంచి మూడు చేదు పదార్థాలు విడదీసి నింబిన్, నింబినిన్, నింబిడిన్ అన్నారు. శ్లోకంలో ఉన్న నింబమే.

పువ్వు బజార్లో కొనేవాళ్లకి ఒక మాట. ఒకసారి ఇలాగే ముందొచ్చిన ఉగాదికి నా స్టూడెంటు ఒకడు "మేడం, మా వీధిలో పూసింది" అని సంచీ నిండా పువ్వు తెచ్చాడు. తెరిస్తే ఊదారంగు! అది తురకవేప. వేపకి దగ్గరి చుట్టమే కానీ తినేది కాదు, దాని కాయలు విషం. వేపపువ్వు తెలుపు, మధ్యలో కాస్త పసుపు. ఊదా కనబడితే ముట్టుకోకండి. వాడు బోటనీ రెండో సంవత్సరం. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను, పేరు చెప్పడం లేదు కాబట్టి మాట నిలిచినట్టే.

వేప గురించి ఇంకొక్కటి చెప్పనివ్వండి, మనసులో ఉండిపోయింది. 2021 వానాకాలం చివర గుర్తుందా? తెలంగాణ అంతా వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండుతూ వచ్చాయి. కాల్చినట్టు గోధుమరంగు. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు తేయాకు దోమ అనే పురుగు. జనం భయపడ్డారు. మా వీధిలో ఒక పెద్ద చెట్టు ఉండేది, యాభై ఏళ్లది. చచ్చిపోయిందని తీర్మానం చేసి కొట్టించారు. నేను వద్దన్నాను, కొన్నాళ్లు ఆగండి అన్నాను, ఎవరు వింటారు? రెండు వీధుల అవతల అలాగే ఎండిన చెట్టుని ఎవరూ పట్టించుకోలేదు, దాని అదృష్టం. ఆ వేసవికే చిగిర్చింది. ఇప్పుడు నేను పువ్వు తెచ్చుకునేది దాని దగ్గరే.

బొబ్బట్ల గురించి చెప్పమని చీటీ వచ్చింది. బొబ్బట్లు అనండి, ఇక్కడ భక్ష్యాలు అనండి, సీమలో ఓళిగలు అనండి. శనగపప్పు కూడా కొత్తదే, గుర్తుపెట్టుకోండి, శనగలు మాఘంలో చేతికొస్తాయి. అందరూ చేసే తప్పు ఒకటే, పప్పు మెత్తగా ఉడకబెట్టేస్తారు. వేళ్ల మధ్య నొక్కితే చిదమాలి, కానీ గిన్నెలో పలుకు కనబడాలి. అప్పుడే నీళ్లు పూర్తిగా వంచేసి, బెల్లంతో పొయ్యి మీద దగ్గరపడేదాకా కలపాలి. జారుడైతే మళ్లీ పొయ్యెక్కించాలి, పిండి కలిపి గట్టిపరచకూడదు. పైపిండి నూనెలో రెండు గంటలైనా నానాలి. ఇక ఆ వంచిన నీళ్లు సింకులో పోస్తున్నారు చూడండి, అది మాత్రం నాకు బాధ. చింతపులుసు, ఇంగువ తాలింపు పెడితే కట్టుచారు. తీపి తిన్న నోటికి అది పడితే ఇంకో రెండు భక్ష్యాలు లోపలికి పోతాయి.

టైము అయిపోతోందని సైగ చేస్తున్నారు. ఒక్క నిమిషం.

పువ్వు దాచుకోవడం. వచ్చే నెలలో విరగబూసినప్పుడు పొద్దుగూకే వేళ చెట్టు కింద పాత చీర పరచండి. పొద్దున్నే ముడి కట్టి తెచ్చుకోండి. ఈనెలూ తొడిమలూ తీసి, చేటలో చెరిగి, నాలుగు రోజులు ఎండనివ్వండి. గాజుసీసాలో యేడాది ఉంటుంది. నేతిలో ఎర్రగా వేయించి చారులో ఆఖర్న వేస్తే వేపపువ్వు చారు. ఉప్పు, కారంతో దంచుకుంటే అన్నంలో మొదటి ముద్దకి పొడి. ముందొచ్చే ఉగాదులకి, అంటే ఈసారిలాంటి వాటికి, నిరుటి పువ్వు పనికొస్తుంది.

ఇదిగో, ఈ సీసాలో ఉన్నది పోయిన ఏప్రిల్‌ది. కాగితం పొట్లాలు కట్టి తెచ్చాను, ఇంటికొకటి తీసుకోండి. ఒకటే, రెండు కాదు. ఇంకోటి, ఈ గ్రంథాలయం వెనక ప్రహరీ పక్కన వేపచెట్టు ఉంది, వచ్చేటప్పుడు చూశాను. దక్షిణం వైపు కొమ్మకి కొన్ని మొగ్గలు విచ్చేలా ఉన్నాయి. వేప సాయంత్రం పూట విచ్చుకుంటుంది, చీకటి పడ్డాక వాసన తెలుస్తుంది. ఎవరి ఫోనుకి టార్చి బాగా వెలుగుతుంది? నువ్వు రా తమ్ముడూ, మొగ్గ చూసింది నువ్వే కదా. టీ తర్వాత తాగొచ్చు, పదండి.